అడవి అంచున దసలి పట్టు పురుగు: మన పిచికారీ ఎక్కడ ఆగాలి?



మన వీడియోల్లో ఎప్పుడూ కంది, వరి, కూరగాయలు, కషాయాలే కదా. ఈసారి ఒక అడవి పురుగు గురించి మాట్లాడుకుందాం. పైన వీడియోలో నల్లమద్ది కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడుతున్న లావు పచ్చ పురుగు కనిపిస్తోంది చూడండి. పక్కల మీద వెండి చుక్కల్లా మెరుస్తున్నాయి. అదే దసలి పట్టు పురుగు. టసర్ అని షాపుల్లో అమ్మే పట్టు దీనిదే.

మాది మంచిర్యాల జిల్లా, చెన్నూరు వైపు. వ్యవసాయ డిప్లొమా చదివి, ఊళ్లోనే ఉండి 6 ఎకరాలు ప్రకృతి పద్ధతిలో చేస్తున్నాను. చిన్న పప్పు మిల్లు కూడా ఉంది. నాది, మా చుట్టుపక్కల రైతులది కంది అందులోనే ఆడించి అమ్ముతాను. మా చేను ఉత్తరం గట్టు దాటితే అడవే. అక్కడ నల్లమద్ది చెట్ల మీద ఏటా దసలి పెంపకం జరుగుతుంది.

"అన్నా, బీటీ పొడి, బవేరియా, అగ్నిఅస్త్రం ఎవరికీ హాని చేయవు కదా?" అని చాలామంది నన్ను అడుగుతుంటారు. మనిషికి, పశువుకు, నేలకు రసాయన మందులంత హాని ఉండదు, నిజమే. కానీ "ఎవరికీ" అనే ముందు ఈ పురుగు కథ ఒకసారి వినండి.

ఇది ఎలాంటి పురుగు?

మల్బరీ పట్టు పురుగు మనందరికీ తెలుసు. షెడ్లలో, తట్టల్లో, మనిషి ఆకు తెచ్చి వేస్తే తిని బతుకుతుంది. వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి, దాని రెక్కల పురుగుకు ఎగరడం కూడా చేతకాదు. దసలి అలా కాదు. ఇది ఇప్పటికీ అడవి జీవే. మనిషి పెంచినా చెట్టు మీదే, వానలో, ఎండలో, పక్షుల మధ్యనే పెరగాలి.

శాస్త్రవేత్తలు దీన్ని ఆంథెరియా మైలిట్టా అంటారు. ఇంగ్లండ్‌కు చెందిన డ్రూ డ్రూరీ 1773లో పెట్టిన పేరు అది. పేరు ఇంగ్లండ్‌లో పెట్టినా పురుగు మాత్రం మన దేశపుదే, దీని పట్టు వాడకం చాలా పాతది. హరప్పా, చన్హుదారో తవ్వకాల్లో దొరికిన పట్టు పోగులు మల్బరీవి కావని, ఆంథెరియా జాతి అడవి పురుగులవని 2009లో పరిశోధకులు ప్రకటించారు. అంటే 4,000 ఏళ్ల కిందటే ఈ ఉపఖండంలో అడవి పట్టు తీశారన్నమాట.

రెక్కల పురుగును మీరు చూసే ఉంటారు. తొలకరి తర్వాత రాత్రిపూట వీధి దీపం చుట్టూ గబ్బిలమంత పెద్ద పురుగు కొట్టుకుంటూ ఉంటే అది దీని జాతిదే కావొచ్చు. రెక్కలు చాపితే జానెడు దాకా ఉంటుంది. నాలుగు రెక్కల మీద నాలుగు కన్ను గుర్తులు, ఒక్కో కన్ను మధ్యలో అద్దంలాంటి పలుచని పొర. ఆడది పెద్దగా, పసుపు బూడిద కలిసిన రంగులో ఉంటుంది. మగది కాస్త చిన్నది, ఇటుక రంగుకు దగ్గరగా ఉంటుంది. మగదాని మీసాలు ఈకల్లా వెడల్పుగా ఉంటాయి. ఆడది వదిలే వాసనను చాలా దూరం నుంచి పట్టుకునేది ఆ మీసాలతోనే.

ఈ రెక్కల పురుగుకు తినడానికి పనికొచ్చే నోరు లేదు. బయటికి వచ్చాక మేత మేయదు. గొంగళిగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే వారం, పది రోజులు బతుకుతుంది. ఆ కొద్ది రోజుల్లోనే జత కట్టాలి, గుడ్లు పెట్టాలి. చీకటి పడ్డాక గూడు నుంచి బయటికి వస్తుంది. జత కట్టేది ఎక్కువగా నడిరాత్రి దాటాక. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీపపు ఎరల గురించి చెప్పేటప్పుడు మళ్లీ కావాలి.

గుడ్డు నుంచి గూడు దాకా

ఒక ఆడ పురుగు సుమారు 150 నుంచి 250 గుడ్లు పెడుతుంది. 8, 10 రోజుల్లో పిల్లలు వస్తాయి. పుట్టినప్పుడు గోధుమ రంగు, నల్ల తల. మొదటి కుబుసం విడిచాక పచ్చగా మారుతుంది. మొత్తం నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది, ఐదు దశలు దాటుతుంది. కుబుసం విడిచే ముందు తిండి మానేసి కదలకుండా ఉండిపోతుంది. మల్బరీ రైతులు దాన్ని "జ్వరం" అంటారు కదా, అదే.

తినేదంతా చివరి దశలోనే. మొత్తం తిండిలో నూటికి 80 వంతుల దాకా ఐదో దశలోనే తింటుంది. ఆ రోజుల్లో చెట్టు కింద నిలబడితే రెట్టలు రాలే చప్పుడు చినుకుల్లా వినిపిస్తుంది. వానాకాలం తొలి పంటలో ఈ పెరుగుదలంతా నెల పైచిలుకు రోజుల్లో అయిపోతుంది. చలి ముదిరే కొద్దీ ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది.

మేత చెట్లు చూస్తే మా వైపు ముఖ్యంగా నల్లమద్ది. తర్వాత తెల్లమద్ది. ఉత్తరాన జార్ఖండ్, ఒడిశా అడవుల్లో గుగ్గిలం చెట్టు మీద కూడా పెరుగుతుంది. రేగు ఆకు కూడా తింటుంది.

గూడు కట్టే పద్ధతి ఎంత చూసినా తనివి తీరదు. ముందు కడుపు ఖాళీ చేసుకుంటుంది. రెండు, మూడు ఆకులను దారంతో దగ్గరికి లాగుతుంది. తర్వాత కొమ్మ చుట్టూ పట్టుతోనే ఒక గట్టి ఉంగరం, ఆ ఉంగరం నుంచి ఒక తొడిమ, ఆ తొడిమకు వేలాడేలా గుడ్డు ఆకారంలో గూడు. మా వైపు దీన్ని పట్టుకాయ అంటారు. చూస్తే నిజంగా కాయ కాసినట్టే ఉంటుంది. చివర్లో లోపలి నుంచి ఒక ద్రవం వదులుతుంది, దాంతో గూడు పెంకులా గట్టిపడుతుంది.

ఆ ఉంగరం ఎందుకో ఆలోచించండి. నల్లమద్ది ఎండాకాలంలో ఆకు రాల్చే చెట్టు. గూడు ఆకుకు అంటుకుని ఉంటే ఆకుతో పాటు నేల మీద పడుతుంది. అక్కడ చెదలు ఉన్నాయి, ఎలుకలు ఉన్నాయి, అడవికి మంట అంటుకుంటే అదీ ఉంది. కొమ్మకు ఉంగరం వేసుకుంది కాబట్టి ఆకంతా రాలినా కాయ చెట్టు మీదే ఉంటుంది. లోపల పురుగు చలికాలం, ఎండాకాలం మొత్తం నిద్రలోనే ఉంటుంది. మా వైపు మే నెల ఎండలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆ ఎండలో, నీళ్లు లేకుండా, మేత లేకుండా ఐదారు నెలలు ఆ గట్టి గూడులో ఆగుతుంది. తొలకరి వచ్చి గాలిలో తేమ పెరిగి, మద్ది చిగురు వేశాక లేస్తుంది. పిల్లలు పుట్టే వేళకు లేత ఆకు సిద్ధంగా ఉంటుంది.

బయటికి వచ్చేటప్పుడు గూడును కొరకదు. నోటి దగ్గర నుంచి ఒక రసం వదిలి, పోగులను అంటించిన జిగురును కరిగించి, పోగులు పక్కకు తోసుకుంటూ వస్తుంది. అలా చిల్లు పడిన గూటి నుంచి ఏకదారం తీయలేరు, దూదిలా వడకాలి. ఏకదారం కావాలంటే పురుగు బయటికి రాకముందే వేడితో చంపాలి. దసలి పట్టు చీర వెనక ఈ సంగతి కూడా ఉంది, దాచడం ఎందుకు. విత్తనం కోసం వదిలిన గూళ్లు ఎలాగూ చిల్లు పడతాయి, వాటితో వడికిన దారానికి కూడా కొనేవాళ్లు ఉన్నారు.

మనకు మిత్రులు, దానికి శత్రువులు

ప్రకృతి సేద్యం శిక్షణలో మనం మొదట నేర్చుకునేది మిత్ర పురుగులు, శత్రు పురుగులు. దసలి చెట్టు కింద నిలబడితే ఆ జాబితా తారుమారు అవుతుంది.

పొగాకు లద్దె పురుగును, శనగపచ్చ పురుగును ముక్కుతో పొడిచి పీల్చేసే దోపిడీ నల్లి ఉంది కదా. మన చేలో కనిపిస్తే ఫొటో తీసి గ్రూపులో పెట్టుకుంటాం. దసలి పెంచేవాళ్లకు అది దొంగ. లేత పురుగులను అలాగే పీల్చేస్తుంది. దండం పెట్టినట్టు ముందుకాళ్లు ముడుచుకుని కూర్చునే గొల్లభామ కూడా అంతే. కందిరీగలు, ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు కూడా పిల్ల పురుగులను ఎత్తుకుపోతాయి.

ఊజి ఈగ ఇంకా కష్టపెడుతుంది. పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలికి దూరి తింటూ ఉంటుంది. పురుగు బయటికి బాగానే కనబడుతుంది, గూడు కూడా కడుతుంది. తర్వాత ఆ గూటికి చిల్లు పెట్టుకుని ఈగ పిల్ల బయటికి వస్తుంది. పసుపు రంగు మీద నల్ల చుక్కలుండే ఇంకో కందిరీగ, గూడు కడుతున్నప్పుడే పైనుంచి సూది దించి లోపల గుడ్డు పెడుతుంది. ఇలాంటి ఈగలు, కందిరీగల చుట్టాలే మన చేలో కాయతొలిచే పురుగును అదుపులో పెడుతున్నాయి.

రోగాల్లో పెద్దది పెబ్రిన్. తల్లి నుంచి గుడ్డులోకి దిగుతుంది. దీనికి దారి చూపింది లూయీ పాశ్చర్. 1865 నుంచి 1870 మధ్య ఫ్రాన్స్‌లో మల్బరీ పురుగుల మీద పని చేసి, గుడ్లు పెట్టిన తల్లి పురుగును నూరి సూక్ష్మదర్శినిలో చూడాలని, రోగం కనిపిస్తే దాని గుడ్లు పారేయాలని చెప్పాడు. ఇప్పటికీ దసలి విత్తన కేంద్రాల్లో చేసే పని అదే. రోగరహిత గుడ్లు అంటే తల్లిని పరీక్ష చేసి ఇచ్చిన గుడ్లన్నమాట.

పెంచేవాళ్ల కష్టం

చెన్నూరు, గోదావరి అవతల మహాదేవపూర్ వైపు అడవి అంచు ఊళ్లలో దసలి మీద ఆధారపడిన కుటుంబాలు ఉన్నాయి. మహాదేవపూర్ దసలి చీరలకు పేరుంది. గుడ్లు పొదిగిన పిల్లలను చెట్ల మీదికి ఎక్కించిన రోజు నుంచి గూళ్లు కోసేదాకా మనిషి అడవిలోనే. మంచె వేసుకుని, వడిసెల పట్టుకుని పొద్దంతా పక్షులను తోలాలి. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మలను కోసి ఇంకో చెట్టు మీదికి మార్చాలి. పురుగు చెట్ల మీద ఉన్నన్నాళ్లూ నియమాలు పాటించేవాళ్లు కూడా ఉన్నారు, మాంసం ముట్టరు, మందు తాగరు. తొలి పంట తొలకరితో మొదలవుతుంది. అసలు డబ్బులు చూసేది తర్వాతి పంటలో, వానలు వెనకబట్టాక, చలి మొదలయ్యేటప్పుడు.

ఇందులో బీమా లేదు, ఎరువు లేదు, మధ్యలో మందు కొట్టి కాపాడుకునే దారి కూడా లేదు. చెట్టు మీద ఏం కొట్టినా చచ్చేది పంటే కాబట్టి. ఒక రకంగా చూస్తే వాళ్లది మనకన్నా నిఖార్సయిన ప్రకృతి సేద్యం.

ఇంకో మాట. దసలిలో ప్రాంతానికో రకం ఉంది. బస్తర్ గుగ్గిలం అడవుల్లో రైలీ, ఒడిశా సిమ్లిపాల్‌లో మోడల్, ఎక్కువగా పెంపకంలో ఉన్నది డాబా. మన తెలంగాణ అడవుల రకానికి ఆంధ్ర లోకల్ అని పేరు. రాష్ట్రాలు విడిపోయినా పాత పేరే ఉండిపోయింది. మన ఎండకు, మన నల్లమద్దికి అలవాటు పడిన రకం. అడవిలో ఇది తగ్గిపోతోంది. మద్ది చెట్లు పోవడం ఒకటి, కనిపించిన ప్రతి కాయనూ కోసేయడం ఒకటి. దేశీ విత్తనం కోసం మనం ఎంత తిరుగుతామో తెలుసు కదా, ఇదీ అలాంటి దేశీ విత్తనమే.

బీటీ, బవేరియా ఎక్కడ పుట్టాయి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

మనం నమ్మకంగా వాడే బీటీని 1901లో జపాన్‌లో షిగెతానే ఇషివాటా అనే శాస్త్రవేత్త మొదట గుర్తించాడు. ఎక్కడో తెలుసా? చచ్చిపోతున్న పట్టు పురుగుల్లో. పట్టు పురుగులను ఉన్నట్టుండి కూల్చేస్తున్న రోగానికి కారణం వెతుకుతుంటే ఈ బాక్టీరియా దొరికింది. దాన్ని తర్వాత 1911లో జర్మనీలోని తురింజియాలో పిండి పురుగు మీద చూసి ఆ ప్రాంతం పేరు కలిపి పెట్టారు.

బవేరియా కథ ఇంకా ముందుది. ఇటలీలో పట్టు పురుగులు సున్నం పూసినట్టు తెల్లగా బిగుసుకుని చచ్చిపోయేవి. మన మల్బరీ రైతులు సున్నకట్టు రోగం అంటారు. దానికి కారణం ఒక బూజు అని 1835లో అగొస్తినో బాస్సీ నిరూపించాడు. బవేరియా బాసియానా అనే పేరులో బాసియానా ఆయన పేరు మీదే వచ్చింది.

అంటే మన రెండు ముఖ్యమైన జీవ మందులూ మొదట పట్టు పురుగుల రోగాలుగానే లోకానికి తెలిశాయి. అవి కాయతొలిచే పురుగుకు, దసలికి తేడా చూడవు. బీటీ పడిన ఆకు తిన్న గొంగళి ఏదైనా పోతుంది. బవేరియాకు గాలిలో తేమ ఉంటే చాలు.

కషాయాలు కూడా చూద్దాం. నీమాస్త్రంలో వేప గొంగళికి మేత మీద ఆశ చంపుతుంది, కుబుసం విడవనివ్వదు. మనకు కావాల్సింది అదే, దసలికి ప్రాణం తీసేదీ అదే. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంది. మల్బరీ తోట పక్కన పొగాకు వేయొద్దని పట్టు శాఖవాళ్లు ఊరికే చెప్పరు.

ట్రైకోగ్రామా కార్డుల విషయంలోనూ జాగ్రత్త పడాలి. చైనాలో ఆ చిన్న కందిరీగలను పెద్దఎత్తున పెంచేది దసలికి దగ్గరి చుట్టమైన ఓక్ పట్టు పురుగు గుడ్లలోనే.

ఆ అక్టోబరులో మా ఊళ్లో

మా కంది పూతకు వచ్చేది అక్టోబరు, నవంబరులో. మారుకా, శనగపచ్చ పురుగు వచ్చేదీ అప్పుడే. గట్టు అవతల దసలి రెండో పంట చెట్ల మీద ఉండేదీ సరిగ్గా అప్పుడే. మా సంఘంలో అందరం కలిసి పిచికారీ తేదీ పెట్టుకుందామని కూర్చున్నప్పుడు దసలి పెంచే ఒక పెద్దమనిషి వచ్చాడు. మేమంతా బాపు అని పిలుస్తాం.

"ఏం కొడుతుండ్రు బిడ్డా?" అని అడిగాడు.

"మందు కాదు బాపు, మనం చేసుకున్నవే. బీటీ పొడి, అగ్నిఅస్త్రం."

"పురుగు సస్తదా?"

"సస్తది."

"మరి పురుగును సంపేదేదైనా నాకు మందే కద బిడ్డా."

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మాలో ఒకాయన అన్నాడు, "నిజమే గానీ, కాయ పోతే మా అప్పు ఎవరు కడతరు?" అది కూడా నిజమే. ఆయనకు రెండున్నర ఎకరాలు, అందులో సగం అడవి గట్టును ఆనుకునే ఉంది. బాపుకు పట్టుకాయ పోతే ఏడాది పోతుంది, ఈయనకు కందికాయ పోతే ఏడాది పోతుంది.

ఆ రోజు పిచికారీ ఆపి, నాలుగు రోజులు మాట్లాడుకుని కొన్ని ఒప్పందాలు చేసుకున్నాం. మూడేళ్లుగా అవే నడుస్తున్నాయి. మీ దగ్గర పనికొస్తాయేమో చూడండి.

మేం పెట్టుకున్న పద్ధతులు

1. తేదీలు ముందే. పిల్లలను చెట్ల మీదికి ఎక్కించే రోజు, గూళ్లు కట్టడం పూర్తయ్యే రోజు వాళ్లు మాకు చెబుతారు. గూడు గట్టిపడ్డాక ఆకు తినేది ఉండదు కాబట్టి భయం తగ్గుతుంది. విత్తన కందికి కొంచెం తొందర రకం, కొంచెం ఆలస్యం రకం ఎంచుకుంటే పూత సమయం కూడా ఒకింత జరపొచ్చు.

2. గట్టు పక్క 20 మీటర్లలో పిచికారీ లేదు. ఇది పుస్తకంలో లెక్క కాదు, మా చేల కొలతకు మేం అనుకున్నది. మిగతా చేలో కొట్టేటప్పుడు కూడా గాలి అడవి నుంచి చేను వైపు వీచే పూట చూసి, నాజిల్ కిందికి వంచి కొడతాం. డ్రోన్ అయితే పురుగు చెట్ల మీద ఉన్నన్నాళ్లూ ఆ వైపు రానివ్వం.

3. గట్టు వెంట నాలుగు సాళ్లు జొన్న. సరిహద్దు పంటగా ఎలాగూ వేస్తాం. తుంపర అటు పోకుండా కొంత ఆపుతుంది. కంది పూత వేళకు జొన్న కోసేయకుండా చొప్ప నిలిపి ఉంచాలి, మరిచిపోవద్దు.

4. పిచికారీ లేని సాళ్లలో దులపడం. పాత పద్ధతే. కంది మొక్క కింద దుప్పటి పట్టి మొక్కను మెల్లగా వంచి దులిపితే శనగపచ్చ పురుగులు పడిపోతాయి. ఏరి కోళ్లకు వేయొచ్చు. మారుకా మాత్రం పూలను గూడులా అల్లుకుని లోపల ఉంటుంది, దులిపితే పడదు. ఆ అల్లికలను చేత్తో తెంపాలి. కూలీ ఎక్కువే.

5. శనగపచ్చ పురుగుకు ఎన్‌పీవీ ద్రావణం. ఈ వైరస్ ఆ పురుగుకే పరిమితం, దసలికి అంటదు. సాయంత్రం పూట కొట్టాలి, ఎండకు బలం పోతుంది. లింగాకర్షక బుట్టలు కూడా నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఏ పురుగు వాసన పెడితే ఆ జాతి మగ పురుగులే వస్తాయి.

6. దీపపు ఎర రాత్రి 10 గంటలకు ఆర్పేయాలి. దానికి అన్ని రెక్కల పురుగులూ ఒకటే. పంట పురుగులు చాలావరకు తొలి రాత్రి వస్తాయి. తర్వాత వెలిగించి ఉంచితే అడవి పురుగులు వచ్చి పడతాయి. అడవి గట్టు మీద అసలే పెట్టొద్దు, చేను లోపలి వైపు పెట్టండి.

7. పక్షి స్థావరాలు, ట్రైకోగ్రామా కార్డులు కూడా లోపలి వైపే. పక్షులకు మనం కర్ర పాతేది పురుగులు తినమనే కదా. గట్టు పక్కన పాతితే బాపు వడిసెలకు పని పెరుగుతుంది.

నష్టం ఎవరు మోయాలి?

ఇదే పెద్ద ప్రశ్న. గట్టు పక్క సాళ్లలో కాయ దెబ్బ తింటుంది. దులిపినా, తెంపినా కొంత పోతుంది. "పోనీలే, ప్రకృతి కోసం" అని రైతుకు చెప్పడం తేలిక, ఆ రైతు మనం కానప్పుడు.

మేం చేసింది ఇది. గట్టు సాళ్ల కంది వేరే సంచుల్లో వస్తుంది. పుచ్చు ఉన్నా మిల్లులో నేను తీసుకుంటాను. మంచి గింజ పప్పుకు పోతుంది, పుచ్చు, చున్నీ పశువుల దాణాకు పోతాయి. రైతుకు ఇచ్చే రేటు మాత్రం మిగతా కందితో సమానం. ఆ తేడా నా మిల్లు మీద పడుతుంది. దాన్ని పప్పు ధరలో కిలోకు కొద్దిగా కలిపి, ఎందుకు కలిపానో కొనేవాళ్లకు చెబుతున్నాను. కొందరు అర్థం చేసుకుని కొంటున్నారు. కొందరు "మాకెందుకు ఆ పురుగు గోల" అని వేరే పప్పు కొంటున్నారు. అందరూ ఒప్పుకున్నారని చెప్పను.

దసలివాళ్ల వైపు నుంచి కూడా ఇచ్చి పుచ్చుకోవడం ఉంది. దులిపే రోజుల్లో వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు కూలికి వస్తారు. పనిలో చేయి తిరిగినవాళ్లు, పురుగును నలపకుండా ఏరుతారు. పోయిన ఏడాది వాళ్లు చెప్తే మా గట్టు మీద 40 తెల్లమద్ది మొక్కలు పెట్టాం. నాలుగైదేళ్లలో పురుగులు ఎక్కించే చెట్లవుతాయని అంచనా. చెట్ల వేర్లతో గట్టు కోత ఆగితే అది మా లాభం.

ఇంకా తేలనిది ఒకటి ఉంది. మా పక్కనే రసాయన పత్తి వేసే చేలు ఉన్నాయి. వాళ్లను మేం ఆపలేం. వెళ్లి మాట్లాడుతున్నాం. ఇద్దరు గాలి చూసి కొడతామన్నారు, ఒకరు వినలేదు. కానీ మా చేలు ఆగినందుకే వాళ్లతో మాట్లాడే నోరు మాకుంది.

మీరు చేయగలిగేది

మీ చేను అడవి పక్కన ఉంటే, ఈ సీజన్‌లో పిచికారీకి ముందు ఒకసారి గట్టు దాటి వెళ్లి మద్ది చెట్లు చూడండి. కొమ్మల మీద పచ్చ పురుగులు, ఆకుల మధ్య కాయలు ఉన్నాయేమో చూడండి. అక్కడ మంచె కనిపిస్తే ఆ మనిషి ఫోన్ నంబరు తీసుకోండి. ఎండాకాలంలో గట్టు శుభ్రం చేసేటప్పుడు ఆకు రాలిన మద్ది కొమ్మకు ఉంగరం వేసుకుని వేలాడే కాయ కనిపిస్తే అది ఎండిపోయింది అనుకోకండి, లోపల ప్రాణం ఉంటుంది. కొమ్మ నరకకండి, ఆకు కుప్పలకు నిప్పు పెట్టకండి.

అడవికి దూరంగా ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. బీటీ, బవేరియా, అగ్నిఅస్త్రం వాడొద్దని నేను అనడం లేదు, నేనూ వాడుతున్నాను. చేలో పురుగు లెక్క చూసి, అవసరమైన సాళ్లకే, అవసరమైన రోజే కొట్టండి. సేంద్రియం అని పేరుంది కదా అని గట్ల మీద, చెట్ల మీద, కంచె మీద పూసేయకండి.

కంది దులిపే పద్ధతి, మారుకా అల్లికలు గుర్తుపట్టడం వచ్చే వీడియోలో చేలోనే చూపిస్తాను. మీ వైపు దసలిని ఏమని పిలుస్తారో, ఏ చెట్టు మీద చూశారో కింద రాయండి.

ఉంటానండి.